మొటిమలకూ ఒక కోడ్ ఉంది.. చీటీ మీద ఒక్క మాట మారితే బిల్లే మారిపోతుంది!

పుట్టపర్తి: ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు ముహాసే అంటారు. తెలుగు మాట్లాడేవాళ్లు మొటిమలు అంటారు. ఆస్పత్రి కంప్యూటర్‌కు మాత్రం ఈ రెండు మాటలూ తెలియవు. దానికి తెలిసింది ఎల్70.0 అనే కోడ్ ఒక్కటే. డాక్టర్ రాసిన జబ్బు పేరు ఆ అక్షరం, ఆ అంకెల్లోకి మారాకే బిల్లు కదులుతుంది, ఇన్సూరెన్స్ క్లెయిమ్ కదులుతుంది.

మొటిమలే కదా, దీనికి ఇంత లెక్క ఎందుకు అనిపించవచ్చు. కానీ కొత్తచెరువు నుంచో, కదిరి నుంచో ఒక డిగ్రీ చదివే అమ్మాయి ముఖమంతా చీము పొక్కులతో, గడ్డలతో స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లిందనుకుందాం. ఆరు నెలలు మందులు వాడాలి, మధ్యలో రక్త పరీక్షలు చేయించుకోవాలి. నాన్న కంపెనీ ఇచ్చిన పాలసీలో ఓపీ ఖర్చు కూడా వస్తుందని బిల్లులన్నీ జాగ్రత్తగా పెట్టి పంపితే, 'ఇది అందం కోసం చేయించుకున్న చికిత్స' అని వెనక్కి వచ్చింది. ఎందుకంటే చీటీ మీద జబ్బు పేరు లేదు. 'స్కిన్ ట్రీట్‌మెంట్' అని మాత్రమే ఉంది. ఇలాంటి చోటే కోడ్ సంగతి మన ఇంటి సంగతి అవుతుంది.

బిల్లు లేని ఊళ్లో బిల్లు మాట

పుట్టపర్తికి ఈ విషయంలో ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడి ప్రశాంతిగ్రామంలోని శ్రీ సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రిని 1991 నవంబర్ 22న అప్పటి ప్రధాని పి.వి.నరసింహారావు ప్రారంభించారు. అక్కడ గుండె ఆపరేషన్‌కైనా రోగి దగ్గర డబ్బు తీసుకోరు. బిల్లు కౌంటరే లేని ఆస్పత్రిగా దానికి పేరు. బిల్లు లేకపోయినా రోగి రికార్డు మాత్రం తప్పదు. ఏ జబ్బుకు వచ్చారు, ఏం చేశారు, మళ్లీ ఎప్పుడు రావాలి అనేది రాసి ఉంటేనే తర్వాత చూసే డాక్టర్‌కు దారి తెలుస్తుంది. అంటే రాత అనేది డబ్బు వసూలు కోసం పుట్టింది కాదు, వైద్యం కోసం పుట్టింది. బిల్లు ఆ రాత మీద ఆధారపడుతుంది, అంతే.

2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి శ్రీ సత్యసాయి జిల్లాకు కేంద్రమైంది. అయినా కొన్ని స్పెషలిస్టు వైద్యాల కోసం జనం అనంతపురం పోతారు, లేదంటే సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు పోతారు. ఒక ఊళ్లో రాసిన చీటీని ఇంకో రాష్ట్రంలో డాక్టర్, ఇంకో నగరంలో ఇన్సూరెన్స్ ఆఫీసు చదవాలి. అందరికీ ఒకేలా అర్థమయ్యే భాష ఒకటి కావాలి. ఆ భాషే కోడ్.

అసలు ఈ కోడ్ ఏంటి?

జబ్బులన్నిటికీ ప్రపంచమంతా ఒకే పట్టిక ఉండాలని 1893లోనే మొదలైన ప్రయత్నం ఇది. మొదట్లో అది మరణ కారణాల జాబితా మాత్రమే. 1948 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని బాధ్యత తీసుకుంది. పదో కూర్పును 1990లో ఆమోదించారు. దాన్నే ఐసీడీ-10 అంటారు. మన దేశంలో ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఫారంలో ఆస్పత్రి నింపే 'పార్ట్ బి'లో ఐసీడీ-10 కోడ్ రాయడానికి ప్రత్యేకంగా గడులు ఉంటాయి. కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ఇచ్చిన ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డుల ప్రమాణాల్లోనూ ఐసీడీ-10 ఉంది.

ఈ పట్టికలో 'ఎల్' అక్షరంతో మొదలయ్యేవన్నీ చర్మ వ్యాధులు. అందులో 60 నుంచి 75 వరకు గోళ్లు, వెంట్రుకలు, చెమట గ్రంథులు, నూనె గ్రంథుల జబ్బులు. మొటిమల నంబర్ 70. గమనించాల్సిన విషయం ఏంటంటే, ఈ పట్టిక ప్రకారం మొటిమలు జబ్బే. వయసు వచ్చిన పిల్లల ముచ్చట కాదు, సోకు కాదు. చర్మంలో నూనె గ్రంథి నోరు మూసుకుపోయి, లోపల బ్యాక్టీరియా పెరిగి, వాపు వచ్చే వ్యాధి.

ఎల్70 కింద ఎవరెవరు ఉన్నారు?

చుక్క తర్వాత వచ్చే అంకె మొటిమ ఏ రకమో చెబుతుంది.

ఎల్70.0: మామూలుగా అందరిలో కనిపించే మొటిమలు. వైద్య భాషలో ఆక్నే వల్గారిస్. బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్, ఎర్ర పొక్కులు, చీము పొక్కులు ఇవన్నీ ఇందులోకే వస్తాయి.

ఎల్70.1: ఆక్నే కాంగ్లోబేటా. లోతైన గడ్డలు ఒకదానితో ఒకటి కలిసిపోయి, చీము కారి, గట్టి మచ్చలు మిగిల్చే తీవ్రమైన రకం.

ఎల్70.2: జుట్టు అంచున, నుదుటి మీద వచ్చి చిన్న చిన్న గుంటలు మిగిల్చే రకం.

ఎల్70.3: ఆక్నే ట్రోపికా. వేడి, తేమ కలిసిన వాతావరణంలో వచ్చే తీవ్రమైన రకం.

ఎల్70.4: పసిపిల్లల్లో వచ్చేది.

ఎల్70.5: గిల్లి గిల్లి పుండ్లు చేసుకున్న మొటిమలు.

ఎల్70.8: పైవాటిలో చేరని ఇతర రకాలు.

ఎల్70.9: డాక్టర్ 'మొటిమలు' అని మాత్రమే రాసి, రకం చెప్పనప్పుడు.

6, 7 అంకెలు ఖాళీ. వాటిని ఎవరైనా రాస్తే అది తప్పు కోడే.

ఇక్కడ కొత్తగా కోడింగ్ నేర్చుకునేవాళ్లు పడే గుంత ఒకటుంది. అనంతపురం పీఠభూమి అంటే ఎండలు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే కరువు నేల. 'వేడి ప్రాంతం రోగి కాబట్టి ఎల్70.3 పెట్టేద్దాం' అనుకుంటే పొరపాటు. ఆ కోడ్ ఒక ప్రత్యేక రకం మొటిమలది, ఊరి వాతావరణానిది కాదు. పైగా మనది పొడి వేడి. డాక్టర్ ఆ పేరు రాయకుండా కోడర్ సొంతంగా ఊహించకూడదు. రాసింది చాలకపోతే డాక్టర్‌నే అడగాలి. ఈ పనిలో మొదటి నియమం అదే.

కోడ్ ఒకటే, జబ్బు తీవ్రత వేరు

ఎల్70.0లో ఒక లోటు ఉంది. ముక్కు మీద నాలుగు బ్లాక్‌హెడ్స్ ఉన్నా అదే కోడ్, ముఖం, వీపు అంతా చీము పొక్కులున్నా అదే కోడ్. తీవ్రత ఎంతో కోడ్ చెప్పదు. అందుకే చీటీలోని మాటలకు విలువ. మన స్కిన్ డాక్టర్లలో చాలామంది 1 నుంచి 4 వరకు గ్రేడ్ వేస్తారు. బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్ మాత్రమే ఉంటే గ్రేడ్ 1. ఎర్ర పొక్కులుంటే 2. చీము పొక్కులుంటే 3. గడ్డలు, తిత్తులుంటే 4.

2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఐసీడీ-11లో ఈ లోటు కొంత సరిచేశారు. అందులో మొటిమల కోడ్ ఈడీ80. దాని కింద బ్లాక్‌హెడ్ రకం, పొక్కుల రకం, గడ్డల రకం అని విడివిడిగా ఇచ్చారు. మన క్లెయిమ్ ఫారాల్లో మాత్రం ఐసీడీ-10 పేరే ఉంది.

ఒక మంచి మొటిమల కేసు చీటీలో ఇవి ఉండాలి:

ఎక్కడ ఉన్నాయి: ముఖమా, ఛాతీయా, వీపా.

ఏ రకం, ఏ గ్రేడ్, ఎన్నాళ్ల నుంచి.

ఇంతకు ముందు ఏం వాడారు, తగ్గిందా లేదా.

మచ్చలు, గుంటలు పడ్డాయా. గుంటలు పడ్డ మచ్చలకు, నల్ల మచ్చలకు వేరే కోడ్‌లు ఉన్నాయి. మొటిమ ఉండగానే మచ్చ కూడా ఉంటే రెండూ రాయాలి.

ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని రోజులు.

ఐసోట్రెటినాయిన్ మాత్రలు రాస్తే రోగి బరువు తప్పకుండా ఉండాలి. ఎందుకంటే ఆ మందు మోతాదును కిలో బరువుకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్కగడతారు. గర్భంతో ఉన్నవాళ్లు వాడితే బిడ్డకు తీవ్రమైన లోపాలు వస్తాయి. కాబట్టి ఆడవాళ్లకు ఆ హెచ్చరిక చెప్పినట్టు, అవసరమైన పరీక్ష చేసినట్టు రాసి ఉండాలి. కాలేయం, కొవ్వుల రక్త పరీక్షలు ఎందుకు చేయించారో కూడా చీటీలో కారణం కనపడాలి. కారణం కనపడని పరీక్ష బిల్లును క్లెయిమ్ చూసేవాళ్లు ముందుగా కొట్టేస్తారు.

అనుమానం వేరు, నిర్ధారణ వేరు

నెలసరి సరిగా రాక, గడ్డం కింద మొటిమలు ఎక్కువగా వస్తున్న అమ్మాయిని చూసి డాక్టర్ 'పీసీఓఎస్ ఉందేమో, స్కాన్ చేయించండి' అని రాస్తారు. పీసీఓఎస్‌కు ఐసీడీ-10లో ఈ28.2 కోడ్ ఉంది. అనుమానం అని రాసిన చీటీ మీద ఆ కోడ్ పెట్టేస్తే ఏమవుతుంది? స్కాన్‌లో ఏమీ లేదని తేలినా, ఆ అమ్మాయి రికార్డులో ఆ జబ్బు ఉండిపోతుంది. రేపు కొత్త పాలసీ తీసుకునేటప్పుడు అది ముందునుంచే ఉన్న జబ్బు అని అడ్డం తగలవచ్చు.

అమెరికా ఓపీ కోడింగ్ నియమాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. 'ఉండొచ్చు', 'అనుమానం', 'తేల్చుకోవాలి' అని రాసినవాటికి జబ్బు కోడ్ వేయకూడదు. ఆ రోజుకు ఖాయంగా తెలిసిన లక్షణం, అంటే మొటిమలు, నెలసరి తేడా, వీటి కోడ్‌లే వేయాలి. మన దగ్గర కూడా రోగి ఈ తేడా గమనించుకోవాలి. పెళ్లికాని పిల్లల విషయంలో ఒక తప్పు రాత ఇంట్లో ఎంత అలజడి రేపుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మెడికల్ షాపు క్రీముతో వచ్చిన మొటిమలు

మన ప్రాంతంలో మరో సమస్య ఉంది. ముఖం తెల్లబడుతుందని మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీము కొనుక్కుని నెలల తరబడి రాసుకుంటారు. మొదట్లో ముఖం నున్నగా అవుతుంది. ఆ తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు ఒక్కసారిగా పొంగుతాయి. క్రీము ఆపితే ఇంకా ఎక్కువవుతాయి. చర్మ వైద్యులు చాన్నాళ్లు మొత్తుకున్నాక 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలనే షెడ్యూల్ 'హెచ్'లోకి తెచ్చింది.

కోడింగ్‌లో ఇది ఎల్70.0 కాదు. మందు వల్ల వచ్చిన మొటిమలకు ఎల్70.8 వాడతారు. అమెరికా పద్ధతిలో అయితే ఏ మందు వల్ల వచ్చిందో చెప్పే 'టి' అక్షరం కోడ్ ఒకటి తోడవుతుంది. ఇది జరగాలంటే రోగి నిజం చెప్పాలి. చాలామంది సిగ్గుపడి క్రీము సంగతి దాచిపెడతారు. దాచితే చీటీ తప్పు, కోడ్ తప్పు, అన్నిటికంటే ముందు వైద్యమే తప్పు. డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు ఆ ట్యూబ్‌ను వెంట తీసుకుపోతే సగం పని అయిపోతుంది.

'కాస్మెటిక్' అనే మాట ఎంత ఖరీదు?

ఐఆర్‌డీఏఐ అన్ని ఆరోగ్య పాలసీలకూ ఒకే రకం మినహాయింపుల జాబితా ఇచ్చింది. ప్రతిదానికీ ఒక నంబర్ ఉంటుంది. ఎక్స్‌క్లూజన్ 08 అంటే కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీ. అందం కోసం చేయించుకున్నదానికి డబ్బు రాదు. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తర్వాత సరిచేయడానికైనా, లేదా ఆరోగ్యానికి ముప్పు తప్పించడానికి అవసరమని డాక్టర్ ధ్రువీకరించినా వస్తుంది.

మొటిమలకు మందులు రాయడం, చీము గడ్డకు చికిత్స చేయడం జబ్బుకు వైద్యం. మొటిమలు తగ్గాక మిగిలిన మచ్చలకు లేజర్ చేయించుకుంటే దాన్ని కాస్మెటిక్ అనే అవకాశం ఎక్కువ. రెండూ ఒకే బిల్లులో 'స్కిన్ ప్యాకేజీ' అని కలిపేస్తే మొత్తానికే ఎసరు వస్తుంది. విడివిడిగా రాయించుకుంటే కనీసం వైద్యం ఖర్చు నిలబడుతుంది.

జీఎస్టీలోనూ ఇదే తేడా. డాక్టర్ ఫీజు, వైద్యం మీద జీఎస్టీ లేదు. కాస్మెటిక్ సర్జరీకి మాత్రం ఆ మినహాయింపు వర్తించదు. పుట్టుక లోపం, ఎదుగుదల లోపం, గాయం వల్ల దెబ్బతిన్న శరీర భాగాన్ని సరిచేసేదైతే మళ్లీ మినహాయింపు ఉంది. బిల్లులో పన్ను వేస్తే దేని మీద వేశారో అడిగే హక్కు రోగికి ఉంది.

ఇంకో మాట. మామూలు ఆరోగ్య పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. మొటిమలకు ఎవరూ చేరరు కదా. కాబట్టి పాలసీలో ఓపీ కవర్ ఉందా లేదా అనేది ముందు చూసుకోవాలి. ఆయుష్మాన్ భారత్ పథకం కూడా ఓపీ ఖర్చు ఇవ్వదు. పెనుకొండ, హిందూపురం వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసే కార్మికులకు మాత్రం ఒక దారి ఉంది. నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉండి ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్లకు, వాళ్ల కుటుంబానికి ఓపీ వైద్యం, మందులు కూడా ఆ పథకంలోకే వస్తాయి. జీతంలో 0.75 శాతం కోత పడేది అందుకే. చాలామంది కార్డు జేబులో పెట్టుకుని ప్రైవేటులో డబ్బులు కడుతున్నారు.

అమెరికా మొటిమ.. మన పిల్లల కొలువు

మొటిమల కోడ్‌తో మన ప్రాంతానికి ఇంకో సంబంధం ఉంది. అమెరికాలో స్కిన్ డాక్టర్ చూసిన కేసుకు కోడ్ వేసేది చాలాసార్లు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో కూర్చున్న మన పిల్లలే. బీఎస్సీ, బీఫార్మసీ, నర్సింగ్ చదివిన రాయలసీమ పిల్లలు అమీర్‌పేటలో నెలలు ఉండి ఈ కోర్సు నేర్చుకుంటున్నారు.

అక్కడ జబ్బు కోడ్ ఒక్కటే చాలదు. చేసిన పనికి సీపీటీ అనే వేరే కోడ్ ఉంటుంది. మొటిమలను గుచ్చి తీసే చికిత్సకు 10040. రసాయనంతో మొటిమల చర్మం పొర తీస్తే 17360. గడ్డల్లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే, ఏడు గడ్డల వరకు 11900, ఏడు దాటితే 11901. ఇక్కడ లెక్క గడ్డలది, సూది పోట్లది కాదు. ఒకే గడ్డలో మూడుసార్లు గుచ్చినా అది ఒకటే. డాక్టర్ 'కొన్ని గడ్డలకు ఇంజెక్షన్ ఇచ్చాను' అని రాస్తే ఏ కోడ్ వేయాలి? ఊహించి 11901 వేస్తే ఎక్కువ డబ్బు వస్తుంది. దాన్నే అప్‌కోడింగ్ అంటారు. ఆడిట్‌లో పట్టుబడితే ఆస్పత్రికి జరిమానా, కోడర్‌కు ఉద్యోగ గండం.

అదే రోజు డాక్టర్ ఇంజెక్షన్ పని కాకుండా వేరుగా పరీక్షించి, మందులు మార్చి, సలహా ఇస్తే ఆ చూపుడు ఫీజును విడిగా వేయవచ్చు. దానికి మాడిఫైయర్ 25 తగిలించాలి. విడిగా పరీక్షించినట్టు రాతలో ఆధారం ఉండాలి. ఆధారం లేకుండా అలవాటుగా తగిలించేయడమే ఎక్కువ చోట్ల గొడవ తెచ్చేది.

ఈ కొలువుకు పేరున్న సీపీసీ పరీక్షలో 100 ప్రశ్నలు, 4 గంటల సమయం, పాస్ కావాలంటే 70 శాతం రావాలి. అనుభవం లేనివాళ్లు పాసైతే సర్టిఫికెట్ మీద 'అప్రెంటిస్' అనే గుర్తు ఉంటుంది. అనుభవం వచ్చాక దాన్ని తీసేయించుకోవచ్చు. 'డబ్బు కట్టండి, ఉద్యోగం గ్యారంటీ' అనే బోర్డు చూసి అప్పు చేయకండి. సర్టిఫికెట్ ఎవరిస్తారు, పరీక్ష ఫీజు కోర్సు ఫీజులో కలిసి ఉందా అనేవి కాగితం మీద రాయించుకున్నాకే ముందుకు పోండి.

క్లెయిమ్ వెనక్కి వస్తే ఏం చేయాలి?

తిరస్కరణ కారణం రాతపూర్వకంగా అడగండి. ఏ నిబంధన కింద కొట్టేశారో అందులో ఉండాలి.

డాక్టర్ దగ్గర జబ్బు పేరు, గ్రేడ్, చికిత్స అవసరం రాసిన లెటర్ తీసుకోండి. జరిగిందే రాయమనండి. లేని జబ్బు రాయించుకోవడం మోసం కిందికి వస్తుంది.

మీ రికార్డుల కాపీ అడిగితే డాక్టర్ 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నైతిక నియమావళి చెబుతోంది. చేర్చుకుని వైద్యం చేసిన రోగుల రికార్డులైతే 3 ఏళ్లు భద్రపరచాలి.

ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి ఏడాదిలోగా వెళ్లవచ్చు. మన రాష్ట్రానికి ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల నంబర్ 155255.

అన్నిటికంటే తేలికైన పని ఒకటుంది. డాక్టర్ గది నుంచి బయటికి వచ్చే ముందు చీటీ ఒకసారి చదువుకోండి. పేరు, వయసు, తేదీ, జబ్బు పేరు, మందు మోతాదు ఉన్నాయా? జబ్బు పేరు చోట ఖాళీ ఉంటే 'డాక్టర్ గారూ, జబ్బు పేరు కూడా రాయండి' అని అడగండి. అర నిమిషం పని. మందుల షాపులో, ఇన్సూరెన్స్ ఆఫీసులో మన తరఫున మాట్లాడేది ఆ కాగితమే.